పాత ఆటపెట్టెలు: వెల కట్టవలసింది దేనికి?

2021 ఆగస్టులో అమెరికాలో 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట క్యాసెట్టు ఒకటి ర్యాలీ అనే సంస్థ ద్వారా 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో 14 కోట్ల రూపాయలకు పైమాటే. దానికి అంత ధర పలకడానికి ముఖ్య కారణం, ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ ఆడకపోవడం. కార్ఖానాలో చుట్టిన ప్లాస్టిక్ పొరను కూడా విప్పలేదు. అదే ఆట ఉన్న మరో క్యాసెట్టు, దాన్ని ఆడించే పెట్టెతో సహా, ఇక్కడ చకర్‌భాటాలో కబాడీ దుకాణానికి వెళితే విరిగిన బకెట్లతో పాటు తక్కెడకెక్కుతుంది. కిలోల లెక్కన ధర కడతారు.

పాత వీడియో గేమ్ యంత్రాలను సేకరించి ఆడడం ఇప్పుడు ప్రపంచమంతటా ఒక అభిరుచిగా స్థిరపడింది. ఈ అభిరుచి దేన్ని విలువైనదిగా ఎంచుతోంది, దేన్ని పారేస్తోంది అన్నది పరిశీలించదగిన విషయం. పైన చెప్పిన రెండు ధరలూ తప్పుడు కొలతలేనని నా అభిప్రాయం. యంత్రం విలువ అది చేసే పనిలో ఉంటుంది. ఆ కొలతతో చూస్తే, మన ఇళ్ల అటకల మీద ఉన్న నకిలీ పెట్టెలకు వేలంపాటల్లో లేని విలువ ఒకటి ఉంది. దాన్ని గుర్తించేలోగా అవి మిగలకుండా పోయే ప్రమాదమూ ఉంది.

క్యాసెట్టు కాని క్యాసెట్టు

బిలాస్‌పూర్ ప్రాంతంలో రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో నలభై ఏళ్లు దాటినవారిని కదిలిస్తే, చిన్నప్పటి ఆటను 'క్యాసెట్టు గేమ్' అంటారు. హైదరాబాదులోనూ విశాఖలోనూ అదే మాట. అనువాదకునిగా నాకు ఈ మాట మీద ఆసక్తి ఉంది. పాటల క్యాసెట్టులా చేత్తో పట్టుకుని గాడిలో గుచ్చేది గనుక జనం ఆ పేరు పెట్టుకున్నారు. కాని లోపల టేపు లేదు. ఉన్నది ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద రోమ్ చిప్పులు. రోమ్ అంటే చదవడానికి మాత్రమే వీలయ్యే జ్ఞాపకం. చిప్పు తయారయ్యేటప్పుడే సమాచారం అందులో అచ్చవుతుంది.

ఆటను విడి చిప్పులో పెట్టి మార్చుకునే పద్ధతి 1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ 'ఛానల్ ఎఫ్' యంత్రంతో మార్కెట్లోకి వచ్చింది. ఆ పనికి నాయకత్వం వహించిన ఇంజనీరు జెర్రీ లాసన్. 1983 జులైలో జపాన్‌లో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫామికామ్ ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. దాని రూపకర్త మసాయుకి ఉయెమురా. 1.79 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసరు, కేవలం 2 కిలోబైట్ల పని జ్ఞాపకం, బొమ్మలు గీయడానికి విడిగా మరో చిప్పు. ఇంతే ఆ యంత్రం. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోన్‌తో తీసిన 3 మెగాబైట్ల ఫోటో పట్టే చోటులో సుమారు 75 మారియోలు పడతాయి.

టేపులోని పాటను ముందు చదివి, తర్వాత వినిపించాలి. రోమ్ క్యాసెట్టు అలా కాదు. గాడిలో గుచ్చగానే అది యంత్రంలో ఒక భాగమైపోతుంది. ప్రాసెసరు తన సొంత జ్ఞాపకాన్ని చదివినట్టే నేరుగా దాన్ని చదువుతుంది. కొన్ని క్యాసెట్లలో అదనపు చిప్పులుండి యంత్రానికి లేని శక్తిని కూడా ఇస్తాయి. కాబట్టి క్యాసెట్టునొక్కదాన్నే గాజు పెట్టెలో ఉంచడమంటే తాళం లేకుండా తాళంచెవిని దాచినట్టు.

మన ఇంటికి వచ్చిన పెట్టె

జపాన్ యంత్రం మన దేశంలో సామాన్యుల ఇళ్లకు అసలు రూపంలో రాలేదు. అప్పటి దిగుమతి సుంకం ఇందుకు ఒక కారణం. 80 శాతం సుంకాన్ని తప్పించుకోవడానికి సెగా సంస్థ 1995లో షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుంది. అయినా ఆ మెగాడ్రైవ్ యంత్రం వెల 18,000 రూపాయలు. ఆ డబ్బుతో ఇంటికి కలర్ టి.వి. వచ్చే రోజులవి.

ఆ ఖాళీని నకళ్లు నింపాయి. తైవాన్‌కు చెందిన యుఎంసి వంటి సంస్థలు ఫామికామ్ చిప్పులకు సరిపోలే చిప్పులు తయారు చేశాయి. వాటితో అనేక దేశాల్లో అనేక పేర్లతో పెట్టెలు వెలువడ్డాయి. మన దగ్గర 'మీడియా', 'లిటిల్ మాస్టర్' వంటి పేర్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటితో పాటు ఒక్క క్యాసెట్టులోనే 99,99,999 ఆటలున్నాయని చెప్పే పసుపుపచ్చ క్యాసెట్లూ వచ్చాయి.

ఈ సంఖ్యను ఒకసారి లెక్క కడదాం. ఒక్కో ఆట 40 కిలోబైట్లనుకుంటే, 99,99,999 ఆటలకు సుమారు 400 గిగాబైట్లు కావాలి. ఆ రోజుల్లో పెద్ద కార్యాలయాల కంప్యూటర్లకు కూడా అంత జ్ఞాపకం లేదు. సాధారణంగా అందులో అసలు ఆటలు కొన్ని పదులే. పట్టికలో వేర్వేరు పేర్లతో అదే ఆట మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకచోట మూడో దశతో, ఒకచోట ఎక్కువ ప్రాణాలతో మొదలవుతుంది. మొదలయ్యేటప్పుడు జ్ఞాపకంలో ఒకటి రెండు అంకెలు మారిస్తే చాలు, 'కొత్త ఆట' తయారు.

ఇది మోసమే. ఇంకా పెద్ద తప్పు మరొకటుంది. అనేక నకిలీ క్యాసెట్లలో ఆట తయారుచేసిన సంస్థ పేరును, హక్కుల ప్రకటనను తెర మీద నుంచి చెరిపేశారు. 'కాంట్రా'ను కంఠతా పట్టినట్టు ఆడిన పిల్లల్లో చాలామందికి అది కొనామి సంస్థదని తెలియదు. మారియో పాటకు కాలు ఊపినవారు దాన్ని కట్టిన కోజి కొండో పేరు వినలేదు. మరొకరి శ్రమకు పేరు లేకుండా చేసిన వస్తువును మనం ఎందుకు భద్రపరచాలి?

ఈ ప్రశ్నకు శాసన పరిశోధకుల దగ్గర జవాబుంది. రాగిరేకుల్లో కూటశాసనాలు, అంటే దొంగ శాసనాలు కూడా దొరుకుతుంటాయి. చరిత్రకారులు వాటిని కరగబెట్టరు. అవి చెప్పే కాలం గురించి కాకపోయినా, పుట్టిన కాలం గురించి అవి సాక్ష్యం చెబుతాయి. మన నకిలీ పెట్టె కూడా అటువంటి సాక్ష్యమే. దాన్ని గౌరవించమని కాదు, చదవమని నా వాదన.

శ్రుతి అదే, కాలం వేరు

ఆ సాక్ష్యంలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది వేగం. జపాన్, అమెరికా టి.వి.లు సెకనుకు 60 సార్లు తెరను గీసేవి. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో 50 సార్లే. ఆనాటి ఆటల్లో బొమ్మ కదలికకు, గడియారానికి, పాట నడకకు తెర గీతే తాళం. ఒకసారి తెర గీయడం పూర్తయితే ఆట ఒక అడుగు ముందుకు వేస్తుంది. కాబట్టి 60 కోసం రాసిన ఆట 50 మీద నడిస్తే వేగం ఆరింట అయిదు వంతులకు తగ్గుతుంది.

ఇక్కడొక చమత్కారం ఉంది. పాల్ దేశాల కోసం యుఎంసి చేసిన చిప్పులో ప్రాసెసరు వేగం 1.77 మెగాహెర్ట్జ్. అసలు దానికి ఒక శాతమే తక్కువ. స్వరం ఎత్తును నిర్ణయించేది ఈ వేగమే. అందువల్ల పాట శ్రుతి దాదాపు మారలేదు, కాలప్రమాణం మాత్రం తగ్గింది. మన పిల్లలు విన్నది అదే కీర్తనను ఇంకాస్త విలంబంలో. అటువంటి పెట్టె మీద పెరిగినవారు నేడు ఇంటర్నెట్టులో అసలు వేగంతో మారియోను చూస్తే ఏదో తొందరపడుతున్నట్టు అనిపిస్తుంది. అది జ్ఞాపకం చేసే పొరపాటు కాదు, భౌతికమైన తేడా.

మీ దగ్గర పనిచేసే పెట్టె ఉంటే మీరే పరీక్షించవచ్చు. మారియో మొదటి దశ ఆరంభంలో బొమ్మను కదపకుండా నిలబెట్టండి. తెర పైభాగాన సమయం 400 నుంచి తగ్గుతూ ఉంటుంది. అది 100 తగ్గడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో చూడండి. ఆటలో ఒక్కో అంకె తగ్గేది తెర 24 సార్లు గీశాక. కాబట్టి 60 పద్ధతిలో 40 సెకన్లు, 50 పద్ధతిలో 48 సెకన్లు రావాలి. మీ పెట్టె ఏ జాతిదో తేలిపోతుంది.

ఈ యంత్రాలను కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్లు కొన్నిటిలో ఈ సంకర వేగానికి ప్రత్యేక ఏర్పాటు ఉంది. దాని పేరు 'డెండీ'. 1992లో రష్యాలో స్టీప్లర్ సంస్థ అమ్మకానికి పెట్టిన నకిలీ ఫామికామ్ పేరది. రష్యన్లు తమ నకిలీని సిగ్గుపడకుండా పరిశీలించి, కొలిచి, నమోదు చేసుకున్నారు. మన చిన్ననాటి వేగం కావాలంటే ఈనాడు మనం రష్యా పేరు మీద వెతుక్కోవాలి.

సేకరణ పద్ధతుల మంచిచెడ్డలు

మొదటిది ముద్ర విప్పని పెట్టె. అది వస్తువును కాపాడుతుంది, నిజమే. కాని లోపలి చిప్పు పనిచేస్తోందో లేదో చూసే వీలు లేదు. పరీక్షకు లొంగనిదానికి పెట్టిన ధర నమ్మకానికి పెట్టిన ధర మాత్రమే.

రెండోది పాత రూపంలో కొత్త యంత్రం. 2016లో నింటెండో 30 ఆటలతో ఒక చిన్న యంత్రాన్ని విడుదల చేసింది. ఆటలు చక్కగా నడుస్తాయి. అయితే ఆ ముప్పైకి మించి ఎక్కించడానికి గాడి లేదు. వేగం కూడా 60 పద్ధతిదే. మరొకరి బాల్యాన్ని శుభ్రంగా తిరిగి అచ్చువేసిన పుస్తకం అది.

మూడోది ఎమ్యులేటరు. చదువుకునేవారికి ఇదే ఎక్కువ ఉపయోగం. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదు. సంస్థలు అమ్మనప్పుడు వాటిని బతికించింది ఎక్కువగా ఔత్సాహికులే. కాని ఎమ్యులేటరు కూడా అన్నిటినీ పట్టుకోలేదు. బాతులను కాల్చే తుపాకీ ఆటనే తీసుకోండి. మీట నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం క్షణకాలం మెరుస్తుంది. తుపాకీ కాంతిని పంపదు, ఆ మెరుపును చూస్తుంది. పాత గాజుగొట్టం టి.వి. ఆ తెలుపును తక్షణం గీస్తుంది. నేటి పలుచని టి.వి. ఆలస్యం చేస్తుంది గనుక తుపాకీ గుడ్డిదవుతుంది. అంటే హైదరాబాదు ఇసిఐఎల్ వారి ఇసి టి.వి. అయినా మరొకటైనా, ఆ బరువైన టి.వి. ఈ యంత్రంలో సగం. దాన్ని తూకానికి వేస్తే ఆట సగం పోయినట్టే.

కాలం కూడా పోటీలో ఉంది

నకిలీ పెట్టె అసలుదానికన్నా త్వరగా చనిపోతుంది. అసలు యంత్రంలో చిప్పులు విడివిడిగా కాళ్లతో ఉంటాయి, పాడైతే మార్చవచ్చు. తర్వాతి కాలపు నకిలీల్లో అన్ని చిప్పులనూ ఒకటిగా చేసి, బోర్డుకే అతికించి, పైన నల్లటి ఎపాక్సీ బొట్టు పెట్టారు. లోపలి సన్నని తీగ తెగితే మరమ్మతు లేదు. కెపాసిటర్లు ఎండిపోతాయి. వేడి, అతినీలలోహిత కిరణాలు తెల్లని ప్లాస్టిక్కును పసుపుగా మారుస్తాయి. మనమంతా చిన్నప్పుడు చేసినట్టు క్యాసెట్టులోకి నోటితో ఊదడం మేలు చేయదు. నోటి తేమ లోహపు అంచులను తింటుంది. తీసి మళ్లీ గుచ్చడం వల్లే అది పనిచేసేది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడవడం సరైన పద్ధతి.

చట్టం కూడా గమనించాలి. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రాం ప్రతిని న్యాయంగా పొందినవారు నష్టం నుంచి రక్షణ కోసం మరో ప్రతి తీసుకోవచ్చు. దొంగ ప్రతికి ఈ వెసులుబాటు వర్తిస్తుందనుకోలేం. కాబట్టి మన పసుపు క్యాసెట్లు ధరలోనే కాదు, చట్టంలోనూ అనాథలు.

అయినా ఎవరి హక్కుకూ భంగం లేకుండా చేయగల పని చాలా ఉంది. పెట్టెను కబాడీకి ఇచ్చే ముందు దాని పైభాగం, అడుగుభాగం, వీలైతే లోపలి బోర్డు ఫోటో తీయండి. చిప్పుల మీది అంకెలు రాసుకోండి. పట్టికలోని ఆటల పేర్లను వరుసగా ఎత్తి రాయండి, తప్పుల అక్షరాలతో సహా. 40 వచ్చిందో 48 వచ్చిందో పరీక్షించి నమోదు చేయండి. ఎక్కడ, ఏ సంవత్సరం, ఎంతకు కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి జతచేయండి. తాళపత్రాల పాఠాంతరాలను సేకరించిన పండితులు చేసింది కూడా ఇటువంటి పనే. ఏ ప్రతినీ చిన్నచూపు చూడకుండా, దేనిలో ఏమి మారిందో పక్కపక్కన రాసుకున్నారు.

చాలా ఇళ్లలో ఆ పెట్టె కొన్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ధర గుర్తున్నది వాళ్లకే. ముందు వాళ్లను అడగండి, అటక ఆ తర్వాత ఎక్కవచ్చు.