మగవేషం ఎవరి అవసరం?

ఈ మధ్య జనగామలో జరిగిన ఒక రచయితల సమావేశంలో ఒక యువకుడు తను రాస్తున్న చారిత్రక నవల నుంచి ఒక అధ్యాయం చదివాడు. రుద్రమదేవి కథ. కత్తి దెబ్బకు తలపాగా ఊడిపోతుంది, పొడవాటి జుట్టు భుజాల మీద విరుచుకు పడుతుంది, యువరాజు ఆడదని తెలిసి సభ యావత్తూ నిర్ఘాంతపోతుంది. చదవడం పూర్తికాగానే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. తిరుగు ప్రయాణంలో మాత్రం, మనం దేనికి చప్పట్లు కొట్టామన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆమె రాజ్యం ఏలినందుకా, లేక మగవాడుగా చెల్లుబాటయినందుకా?

ఈ ఘట్టం ఆ యువకుడి సొంతం కాదు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' నుంచి గుణశేఖర్ తీసిన 2015 నాటి సినిమా దాకా రుద్రమ కథ పురుషవేషం చుట్టూనే తిరిగింది. బాపిరాజును నేను తేలిగ్గా తీసిపారేయను. ఆయన చిత్రకారుడు, రంగూ రూపూ ముందు చూసి తరువాత కథ చూసే మనిషి. తెలుగువాళ్లకొక ఘనమైన గతాన్ని చూపించాలన్న తపన ఉన్న రోజుల్లో రాశాడు. అప్పటికి శాసనాల పరిశోధన ఇంత దూరం రాలేదు. సినిమా సంగతి వేరు, దానికి విశ్రాంతి ముందు ఒక కుదుపు కావాలి. కాని ఇవాళ కలం పట్టిన రచయితకు ఈ రెండు సాకులూ లేవు.

ఆధారాలు ఏమంటున్నాయో చూద్దాం. గణపతిదేవుడికి కొడుకులు లేరు. 1259 ప్రాంతం నుంచి కూతురిని పాలనలో భాగస్వామిని చేశాడు. చాలా శాసనాల్లో ఆమె పేరు 'రుద్రదేవ మహారాజు' అని పుంలింగంలోనే కనబడుతుంది. తండ్రి ఆమెను కొడుకుగా భావించి రుద్రుడని పేరు పెట్టాడని, ఆమె మనవడి ఆస్థానంలో పుట్టిన విద్యానాథుడి 'ప్రతాపరుద్రీయం' చెబుతుంది. మన కథకులు పట్టుకున్న కొస ఇదే. కాని 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురని బాహాటంగా చెబుతుంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో ఆమె పెళ్లయింది, కూతుళ్లున్నారు, పెద్ద కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. మోటుపల్లి రేవు రాజ్యం గురించి రాసిన మార్కో పోలో ఆమెను రాజు కూతురనక భార్య అని పొరబడ్డాడు గాని, ఏలుతున్నది స్త్రీ అన్న సంగతిలో పొరబడలేదు. రేవులో దిగిన పరదేశికి కూడా తెలిసిన రహస్యం ఓరుగల్లు కొలువులో ఎవరికి తెలియదట?

అంటే ఇక్కడ జరిగింది మారువేషం కాదు. రాజరికానికొక ఉడుపు ఉంది, ఒక వ్యాకరణం ఉంది. రెండూ మగవాడి కొలతకు కుట్టినవి. ఆ పీఠం మీద కూర్చున్న స్త్రీ వాటిని తొడుక్కుంది, అందరి కళ్లముందే తొడుక్కుంది. ఢిల్లీలో 1236 నుంచి 1240 దాకా ఏలిన రజియా కూడా మగవాళ్ల అంగీ, కుళ్లాయి ధరించి ఏనుగెక్కి జనం మధ్యకు వచ్చిందని మిన్హాజ్ రాశాడు. ఆమె ఎవరో తెలియక కాదు ఢిల్లీ ఆమెను సుల్తాన్ అన్నది. ఆ మిన్హాజే, రాజుకుండవలసిన గుణాలన్నీ ఆమెకున్నా ఆడపుట్టుక పుట్టిందే అని నిట్టూర్చాడు.

ఇది మన నేలకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. రుద్రమకు నూట యాభై ఏళ్ల ముందు స్పెయిన్‌లో లియోన్, కాస్తీల్ రాజ్యాలను ఉర్రాకా అనే రాణి 1109 నుంచి 1126 దాకా ఏలింది. ఆమెదీ ఇదే పరిస్థితి. తండ్రి ఆరో ఆల్ఫోన్సోకు ఉన్న ఒక్క కొడుకూ 1108లో యుద్ధంలో చనిపోయాడు. రాజ్యం కూతురికి దక్కింది. రెండో మొగుడు ఆరగాన్ రాజు, అతడితోనే యుద్ధం చేయవలసి వచ్చింది. పదిహేడేళ్లు పీఠం వదలలేదు. కాని సాంతియాగో బిషప్ గెల్మిరెజ్ ప్రాపకంలో రాసిన చరిత్రలో ఆమె చపలచిత్త, మాట మీద నిలబడని ఆడది. బిషప్పుతో ఆమెకున్న అధికార తగాదా, చరిత్రకారుడి చేతిలో ఆడబుద్ధి దోషంగా మారిపోయింది. 1217లో అదే కాస్తీల్‌కు వారసురాలైన బెరెంగేలా కిరీటాన్ని వెంటనే కొడుకు చేతిలో పెట్టింది. చరిత్రకారులు ఆమెను మెచ్చుకున్నారు! స్పెయిన్ చరిత్రకారుడు ఆడది గనక ఉర్రాకాను తిట్టాడు. మన నవలాకారుడు రుద్రమను మగవాణ్ణి చేసి పొగిడాడు. ఇద్దరికీ ఒక స్త్రీ స్త్రీగానే రాజ్యం చేసిందన్న మాట గొంతు దిగలేదు.

సరే, వేషం తీసేస్తే కథలో ఏం మిగులుతుందని ఆ యువకుడు అడగవచ్చు. చాలా మిగులుతుంది. అసలు కథంతా అక్కడే ఉంది. మల్కాపురం శాసనాన్నే తీసుకుందాం. గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామంతో పాటు రుద్రమ వెలగపూడిని కూడా గోళకీమఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ధారపోసింది (ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే). ఆ ఆదాయంలో ప్రసూతిశాలకు వాటా ఉంది, ఆరోగ్యశాలకు వాటా ఉంది. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినవారికెల్లా అన్నం పెట్టాలన్న నిబంధన ఉంది. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి వంటి వృత్తులవాళ్లకు మాన్యాల లెక్క ఉంది. పురిటి గది గురించి రాతి మీద చెక్కించిన రాజ్యం మన నవలల్లో ఎక్కడుంది? అంతఃపుర శృంగారానికి పేజీలకు పేజీలిచ్చిన రచయిత ఈ గదిలోకి తొంగి చూడనేలేదు.

అలాగని రుద్రమను ప్రజల మనిషిగా చిత్రించమని నేననడం లేదు. అదొక కొత్త వేషం అవుతుంది. మఠానికి దానమిచ్చిన ఊళ్లలో పంట పండించిన వాళ్లెవరు, దానమిచ్చేటప్పుడు వాళ్లనెవరైనా అడిగారా? ఆమె కాలం నుంచి శాసనాల్లో పెద్ద వంశాల సామంతుల పేర్లు తగ్గి, గొప్ప పుట్టుక లేని నాయకుల పేర్లు పెరుగుతాయని సింథియా టాల్బట్ చూపించింది. ఇది ఔదార్యమని నేననుకోను. పెద్ద కులీనుల విధేయత మీద ఆధారపడడం ఆ పీఠానికి ప్రమాదం. తన మీద ఆధారపడేవాళ్లు దానికి కావాలి. కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు ఆ ప్రమాదం ఎంత నిజమో చూపించింది. నవలకు ఇంతకంటే గట్టి సంఘర్షణ ఏం కావాలి?

ఇంకొక మాట. రుద్రమ ఒక్కతే హఠాత్తుగా ఊడిపడ్డ అద్భుతం అన్నట్టు రాయడం కూడా మనకు అలవాటు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం వెళ్లి చూడండి. అక్కడి పెద్ద చెరువు గణపతిదేవుడి చెల్లెలు మైలమ కట్టించింది. ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ చెరువు దగ్గర వేయించిన శాసనంలో ఆమె తన పుట్టింటి వంశాన్ని మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. కాకతీయుల తొలి తరాల పేర్లు చరిత్రకారులకు వరసగా దొరికింది ప్రధానంగా అక్కడే. రాజుల వంశవృక్షం మొదలు తెలియడానికి ఒక ఆడకూతురు తవ్వించిన చెరువు కావలసి వచ్చింది! మేనత్త చెరువు కట్టించి, రాతిలో మాట్లాడిన ఇంట్లో పెరిగిన పిల్ల రుద్రమ. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు, గణపసముద్రం చెరువు చూసినప్పుడు కూడా ఇదే అనిపిస్తుంది. గుడి పక్కన చెరువు, చెరువు కింద పొలం, పొలం మీద పన్ను. రాజ్యమంటే కత్తియుద్ధం కంటే ఇదే ఎక్కువ. ఆ కట్టకు మట్టి మోసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

రుద్రమ చావు దగ్గర మన కథకులు మరీ మౌనం. చాలాకాలం ఆమె 1295 దాకా ఏలిందనే చరిత్రకారులు అనుకున్నారు. నల్లగొండ సీమ చందుపట్లలో దొరికిన చిన్న శాసనం ఆ లెక్కను తిరగరాసింది. 1289 నవంబరులో వేసిన శాసనం అది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని సోమనాథదేవుడికి భూమి ఇచ్చినట్టు అందులో ఉంది. ఇద్దరి పేర్లూ కలిపి చెప్పడాన్ని బట్టి, ఆమె యుద్ధరంగంలోనే, బహుశా అంబదేవుడి మీద దండయాత్రలో మరణించిందని చరిత్రకారుల అంచనా. అప్పటికి ఆమె మనవళ్లనెత్తిన వృద్ధురాలు. తలపాగా ఊడితే జారిపడేది నెరిసిన జుట్టు. ఆ దృశ్యం ఎవరూ రాయలేదు.

ఆ భూమి ఇచ్చింది సామంతుడు కాదు, మఠాధిపతి కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. రాణి చనిపోయిన సంగతి ఏ ఆస్థాన కవీ మనకు చెప్పలేదు, ఈ మనిషి చెప్పాడు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు మోసిన సోమనాథుడు, కాకతీయుల కాలంలోనే, ద్విపదలో కుమ్మరి గుండయ్యకూ చాకలి మాచయ్యకూ పుణ్యపురుషుల వరసలో పీటలు వేశాడు. ఏడువందల ఏళ్ల తరువాత వచ్చిన మన చారిత్రక నవల పువ్వుల ముమ్మడికి ఒక వాక్యం కూడా ఇవ్వలేకపోయింది.

ఆ యువకుడికి నేను ఉత్తరం రాశాను. తలపాగా అధ్యాయం కొట్టివేయమని అడగలేదు. ఆ నవల చందుపట్లలో, సేనానిని కూడా పోగొట్టుకున్న ముమ్మడి రాయి చెక్కేవాడి పక్కన నిలబడి, ముందు ఎవరి పేరు చెక్కించాలో చెప్పే చోట మొదలు పెట్టి చూడమన్నాను. జవాబు ఇంకా రాలేదు.