ఆటల ఖాతా నిజముగా చెరిగినదా?

ఫోనులో ఆడు ఆటలు నేడు మన పట్టణములలోనే కాక పల్లెలలోను వ్యాపించినవి. పెక్కు ఆటలలో చేరదలచినవాడు ముందుగా ఒక ఖాతా తెరవవలెను. పేరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ ఇచ్చుటతో పని ముగిసినదని అతడు తలచును. కాని ఆట సాగినంతకాలము కంపెనీ సర్వరులలో ఇంకను ఎన్నో సంగతులు చేరుచుండును. ఏ వేళ ఆడెను, ఎంతసేపు ఆడెను, ఎక్కడ ఓడి ఆగిపోయెను, ఎవరితో మాటాడెను, ఏ వస్తువు కొనెను అను వివరములన్నియు నమోదు కాగలవు. వీనినిబట్టి ఒకని నిద్రవేళలను, ఖర్చుచేయు అలవాటును, తొందరపాటును ఊహించుట కష్టము కాదు. కనుక ఆట మానినవాడు తన ఖాతాను తీసివేయుడని కోరుట చాదస్తము కాదు. అది అతని హక్కు. ఆ హక్కును మన చట్టము ఎంతవరకు కాపాడుచున్నదో ఇచట పరిశీలింతము.

మొదట "తీసివేయుట" అనగా ఏమో తెలిసికొనవలెను. గ్రంథాలయములో ఒక పుస్తకముయొక్క సూచిక కార్డును చింపివేసితిమనుకొందము. పుస్తకము పాఠకునికి దొరకదు. కాని బీరువాలోనే యుండును. కంప్యూటరులో తీసివేత పెక్కుసార్లు ఇట్టిదే. ఖాతాకు "ఇది తీసివేయబడినది" అను గుర్తు తగిలింతురు. తెరపై ఖాతా కనబడదు. వివరములు మాత్రము చెక్కుచెదరవు. అంతేకాక, యంత్రములు చెడిపోవునను భయముతో సంస్థలు తమ సమాచారమునకు నకళ్లు తీసి వేరుచోట్ల దాచును. అసలును చెరిపినను, పాత నకలును మార్చువరకు ఆ వివరములు దానిలో నిలిచియుండును. మరియు ప్రకటనలకొరకు ఇతర సంస్థల ప్రోగ్రాములను ఆటలో కలుపుట కలదు. వానికి చేరిన సమాచారము ఆట కంపెనీ సర్వరులో చెరిపినంతమాత్రమున చెరగదు.

"పేరు తొలగించితిమి, ఇక ఈ వివరములు ఎవరివో తెలియవు" అను సమాధానమును కూడ వినుచుందుము. ఇది పూర్తిగా నమ్మదగినది కాదు. తపాలా సంఖ్య, పుట్టిన తేదీ, స్త్రీ పురుష భేదము అను మూడు వివరములతోనే అమెరికా ప్రజలలో 87 శాతము మందిని విడిగా గుర్తింపవచ్చునని లటన్యా స్వీనీ 2000లో అంచనా కట్టిరి. ఆటగాని వివరములు మూడు కాదు, వేలకొలది యుండును.

ఈ చిక్కు ఊహామాత్రము కాదు. ఫోర్ట్‌నైట్ అను ఆటను నడపు ఎపిక్ గేమ్స్ సంస్థ 13 ఏండ్లలోపు పిల్లల సమాచారమును తల్లిదండ్రుల అనుమతి లేక సేకరించినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించినది. బిడ్డల సమాచారమును చెరిపివేయుడని కోరిన తల్లిదండ్రులను అనవసరముగా త్రిప్పించినదనియు, కొన్నిసార్లు ఆ కోరికను మన్నింపనే లేదనియు కూడ ఆరోపణ. 2022 డిసెంబరులో ఆ సంస్థ ఈ విషయమున 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకొనవలసివచ్చెను. అక్రమముగా సేకరించిన సమాచారమును చెరుపుటకును షరతు విధింపబడినది.

మన దేశమున గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఆ పిమ్మట 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, 2025 నవంబరులో దాని నియమావళిని ప్రకటించిరి. ఇందు మెచ్చుకొనదగిన అంశములు కలవు. సమాచారమును చెరిపించుకొను హక్కును 12వ సెక్షను ఇచ్చుచున్నది. 18 ఏండ్లలోపు వారి విషయమున తల్లిదండ్రుల అనుమతి అవసరము. భద్రతలో అశ్రద్ధ చూపిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. ముఖ్యమైన బాధ్యతలు ప్రకటన నాటినుండి 18 నెలలకు అమలగునట్లు నిర్ణయించిరి.

అయినను ఆటగాని దృష్టితో చూచినచో లోపములు కనబడును. మన దేశములో 50 లక్షలకు తక్కువ కాని ఖాతాదారులు గల ఆటల సంస్థ, మూడేండ్లు తమవైపు రాని వాని సమాచారమును చెరపవలెనని నియమము. 48 గంటల ముందు అతనికి తెలుపవలెను. బాగున్నది. కాని ఖాతాలోనికి మరల ప్రవేశించుటకు కావలసిన సమాచారమును ఈ గడువునుండి మినహాయించిరి. అనగా ఇల్లు ఖాళీ చేయించిరేగాని తలుపుమీది పేరు పలకను, తాళమును అట్లే యుంచిరి. రెండవది, ప్రభుత్వ అవసరములకొరకు సమాచారమును కనీసము ఒక యేడాది నిలుపవలెనను నియమము. నేరపరిశోధనకు ఇది కావలసివచ్చుననుట నిజమే. కాని ఆడినవారందరి వివరములను ఒకే తీరున దాచుట భద్రతకు మంచిది కాదు. దాచినది ఎంత ఎక్కువైన దొంగకు అంత లాభము.

మూడవ లోపమే అన్నిటికంటె పెద్దది. చెరిపితిమని కంపెనీ చెప్పిన మాటను సరిచూచుకొను సాధనము ఖాతాదారునికి లేదు. ఆటలను పంచిపెట్టు దుకాణముల నిబంధనలును ఈ లోటును తీర్చవు. ఖాతాను తీసివేయు మీట ఆటలోనే యుండవలెనని యాపిల్ 2022 జూన్ 30 నుండి నిర్బంధించినది. గూగుల్ 2023లో అట్టి నియమమునే ప్రకటించినది. మీట వచ్చినది, మీట వెనుక ఏమి జరిగినదో చూపు పత్రము రాలేదు.

డబ్బు పందెపు ఆటల విషయమున ఇది మరింత ముఖ్యము. వానిని అరికట్టుటకు తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను సవరించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి నిషేధ చట్టము చేసినది. అయితే ఆటను నిషేధించినంతమాత్రమున ఆటగాని పాన్ కార్డు నకలు, బ్యాంకు ఖాతా నంబరు చెరిగిపోవు. పన్ను లెక్కలకు కొన్ని నిలుపవలసియుండవచ్చును. ఏవి నిలిపిరి, ఎంతకాలము నిలుపుదురు అనునది ఆటగానికి తెలియుట న్యాయము.

కావున చెరిపివేతకు రసీదు ఇయ్యవలెనని నియమముండవలెను. ఏ వివరములు ఏ తేదీన చెరిపిరో, నకళ్లు ఎప్పటికి పోవునో, ఇతర సంస్థలకు కబురు పంపిరో లేదో, ఏవి ఏ చట్టము క్రింద నిలిపిరో అందు వ్రాయవలెను. స్వతంత్ర పరీక్షకులు అప్పుడప్పుడు కొన్ని రసీదులను సర్వరులతో పోల్చి చూడవలెను. బ్యాంకులో అణా పైసల లెక్కకు తనిఖీ ఉన్నప్పుడు మనిషి వివరములకు ఉండరాదా?

అంతవరకు పాఠకులు గమనింపవలసినవి రెండు. ఫోనునుండి ఆటను తొలగించుట వేరు, ఖాతాను తీసివేయుట వేరు. మొదటిది చేసినంతమాత్రమున రెండవది జరుగదు. ఖాతాను తీసివేయుడను కోరికను వ్రాతమూలముగా పంపి, తేదీతోకూడ నకలు ఉంచుకొనవలెను. నియమావళి అమలులోనికి వచ్చిన పిమ్మట ఫిర్యాదును సంస్థ 90 రోజులలోపల పరిష్కరింపవలెను. అట్లు చేయనిచో డేటా ప్రొటెక్షన్ బోర్డును ఆశ్రయింపవచ్చును. ఆనాడు చేతిలో నుండు సాక్ష్యము ఆ నకలే.