మోట తోలిందెవరు? – దున్న ఇద్దాసు జీవితకథ: ఒక పరిశీలన

తత్వకవి దున్న ఇద్దాసు జీవితకాలం 1811–1919 అని ప్రచారంలో ఉంది. రెండు సంవత్సరాల మధ్య అంతరం సరిగ్గా 108. జపమాలలోని పూసల సంఖ్యే ఒక శివయోగి ఆయుఃప్రమాణం కావడం అసంభవమేమీ కాదు. అయినా పరిశోధకుడు అక్కడ ఒక క్షణం ఆగవలసిందే. నల్లగొండ ప్రాంతంలో మాదిగ కుటుంబంలో పుట్టి, జీతగాడిగా బతికి, తత్వాలు కట్టి పాడిన ఈ వాగ్గేయకారుని జీవితం మనకు ప్రధానంగా భక్తుల నోటిమాటగానే అందింది.

ఆ కథలలో మోట కథ ప్రసిద్ధం. ఆసామి బావి వద్ద మోట తోలుతూ ఇద్దాసు ధ్యానంలో మునిగిపోయాడనీ, మోట తనంతట తానే నడిచి మడి పారిందనీ, అది చూసిన ఆసామి అతని మహిమను గుర్తించాడనీ చెబుతారు. ఈ కథను భక్తి దృష్టితో వినడం ఒక పద్ధతి. నిర్మాణాన్ని గమనిస్తే మాత్రం రెండు సంగతులు బయటపడతాయి. ఇద్దాసు యోగి అయిన క్షణంలోనే అతని చేతుల్లోంచి పని మాయమైంది. రెండవది, ఆ యోగిత్వానికి సాక్షి ఆసామి. తోటి జీతగాళ్ల సాక్ష్యం కథకు చాలలేదు! శ్రామికుణ్ణి గౌరవించడానికి ముందుగా అతని శ్రమను తీసివేయవలసి వచ్చిందన్నమాట.

తీసివేసిన ఆ శ్రమను తిరిగి చేర్చి చదివితే తత్వాల అర్థమే మారుతుంది. మోటకు కావలసిన తోలును ఊనించి, కుట్టి ఇచ్చింది మాదిగలే. తత్వ సంప్రదాయంలో దేహాన్ని తోలుతిత్తి అనడం పరిపాటి. ఇతర కవులకు అది వైరాగ్యాన్ని బోధించే రూపకం. తోలు వాసన మధ్య పెరిగిన కవి సమూహానికి అది వృత్తి పరిభాష కూడా. ఈ తేడాను మన తత్వ విమర్శ తగినంతగా పట్టించుకోలేదు.

ఇద్దాసుకు దాదాపు సమకాలికుడైన విలియం ఓవెన్ (1813–1893) వేల్స్‌లోని పలకరాతి క్వారీలో బాల్యం నుంచే పనిచేశాడు. క్రైస్తవ కీర్తనలకు అతడు కట్టిన బాణీలు జీవించి ఉండగానే అచ్చయ్యాయి. అతని జీవితాన్ని చెప్పడానికి ఏ అద్భుతమూ అవసరం కాలేదు. మన కోనసీమలో, మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న (1911–2005) ఆత్మకథకు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ అని పేరు పెట్టుకున్నాడు. తన కథ తానే రాసుకున్నాడు కనుక పాలేరు అన్న మాట చెరిగిపోలేదు. ఇద్దాసుకు ఆ అవకాశం లేదు. అతనికున్నది తత్వం చివర వేసుకునే పేరు మాత్రమే.

కనుక ఇద్దాసు చరిత్రకు తొలి ఆకరం మహిమల కథ కాదు, పాట. భజన బృందాలు పాడే పాఠాంతరాలను వేర్వేరుగా రికార్డు చేసి, మోట, అరక, తోలు, జీతం వంటి మాటలు ఏ పాఠంలో నిలిచాయో, ఏ పాఠంలో జారిపోయాయో పట్టిక వేయవలసి ఉంది. జారిపోయిన చోట పాడినవారెవరు, విన్నవారెవరు అన్నది కూడా నమోదు చేయాలి.