పాకశాస్త్రమున దాగిన శోకము

స్నేహితురాలు గతించినచో వృద్ధస్త్రీ యెన్నిదినములు దుఃఖింపవచ్చును? దగ్గరి జ్ఞాతులకు పదిదినముల యాశౌచమును విధించిన మన ధర్మశాస్త్రములలో స్నేహమునకు దొరకిన చోటు మిక్కిలి యిరుకు. మిత్రునకు ఉదకదానము చేయుట ఇచ్ఛకు సంబంధించిన దని యాజ్ఞవల్క్యస్మృతి విడిచిపెట్టినది. ఇచ్ఛకు విడిచిన దుఃఖమును లోకము లెక్కింపదు. ఆలిస్ టోక్లాస్ వ్రాసిన రెండు గ్రంథములను చదివినపుడు పారిస్ నగరమునను ఈ యిరుకే నాకు కనబడినది.

అమెరికాలో పుట్టిన టోక్లాస్ 1907లో పారిస్ చేరి రచయిత్రి గెర్ట్రూడ్ స్టైనును కలిసికొనెను. చెలిమిగా మొదలై ఒక్క సంసారముగా సాగిన యా సాహచర్యము 1946 జూలై 27న స్టైన్ మరణముతో ముగిసెను. అప్పటికి టోక్లాసునకు 69 ఏండ్లు. అటుపిమ్మట ఇరువదేండ్లు జీవించి, 1967లో ఆమెయు గతించెను. వారి బంధమును చట్టమెరుగదు. తన చిత్రపటములను ఆమె యావజ్జీవము అనుభవించునట్లు స్టైన్ మరణశాసనము వ్రాసినను, 1961లో ఆమె యింటలేని సమయమున వారసుల పక్షమున అవి తొలగింపబడెను.

1963లో వెలువడిన టోక్లాస్ స్మృతికథ, స్టైనును శస్త్రచికిత్సకు కొనిపోవుటతో ముగియును. తరువాతి యొంటరి సంవత్సరములకు అందు చోటు లేదు. ఇది గ్రంథలోపమని మొదట తలచితిని. 1954 నాటి వంటల పుస్తకమును చదివినపిదప నా యభిప్రాయము మారినది. కామెర్లతో బాధపడిన దినములలో వ్రాసిన దది. పేరునకు పాకశాస్త్రము, లోపల నున్నది ఇద్దరి సంసారము. పికాసో భోజనమునకు వచ్చిననాడు అలంకరించి వడ్డించిన చేప, యింట మారుచువచ్చిన వంటవారు, యుద్ధకాలమున పదార్థములు దొరకని పల్లెబ్రతుకు, బిలిన్యాలోని కూరగాయల తోట, అన్నియు నందు కలవు. బహిరంగముగా శోకించుటకు చోటులేని యామె, వంట చెప్పు నెపమున స్నేహితురాలిని మరల పంక్తిలో కూర్చుండబెట్టెను.

లోపమును లేకపోలేదు. ప్రసిద్ధుల ముచ్చటలు మితిమీరి, రచయిత్రి తన్ను తాను దాచుకొనును. 1933లో టోక్లాస్ స్వీయచరిత్రమను పేర స్టైన్ తన కథనే వ్రాసినది. ఆ నీడనుండి యీమె వార్ధకమునను పూర్తిగా వెలువడలేదు.

మన యిండ్లలోను, పొరుగింటి నేస్తము పోయిన ముసలమ్మ తలస్నానము చేసి యెప్పటివలె పనిలో దిగును. ఆమెకేమి పోయినదని యెవరు నడుగరు. పొద్దుగూకువేళ అరుగుమీద మాటాడుటకు మనిషి లేకపోవుట చిన్న నష్టము కాదు. సంస్కరణమునకు ప్రతిసారియు శాసనసభ యక్కరలేదు. పోయిన నేస్తమును గూర్చి యామెచేత చెప్పించుకొని ఓపికగా వినుట ఇంటివారు నేడే చేయదగినది.