రెండు తెరలు, ఒక లోకం: ‘ది వరల్డ్ ఎండ్స్ విత్ యూ’ వీడియో గేమ్ – తొలి అనుభవ విమర్శ

వ్యాససంగ్రహం

2007లో జపాన్‌లో, 2008లో పాశ్చాత్యదేశాలలో విడుదలైన ‘ది వరల్డ్ ఎండ్స్ విత్ యూ’ నింటెండో డీఎస్ అనే చేతియంత్రం కోసం రూపొందిన యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్. రెండు తెరలపై ఒకేసారి సాగే పోరాటం తొలి గంటల్లో ఆడేవారిని తికమక పెడుతుంది. ఈ తికమకను శిల్పదోషంగా చూడాలా, కథార్థంలో భాగంగా చూడాలా అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. కథలోని తొలివారానికి పరిమితమై, ఆట నియమాలకూ ఇతివృత్తానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకే తెరకు మార్చిన తరువాతి రూపాలను పాఠాంతరాలుగా గుర్తించవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ విమర్శ, తొలి అనుభవం, అవధానం, ఆహార్యం, పాఠాంతరం, షిబుయా.

1. ఉపోద్ఘాతం

ఒక నవలను సగం చదివి తీర్పు చెప్పడాన్ని విమర్శకులు అంగీకరించరు. వీడియో గేమ్ విషయంలో మాత్రం తొలి గంటల అనుభవానికి ప్రత్యేకమైన విలువ ఉంది. పాఠకుడు నవలలోకి ప్రవేశించేటప్పటికే అతనికి చదవడం వచ్చు. ప్రతి కొత్త ఆటలోనూ ఆడేవారు ఆడటాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియని ఆ స్థితి కొద్దికాలమే ఉంటుంది. చేతులకు అలవాటు పడ్డాక అది తిరిగి రాదు. కనుక తొలి అనుభవాన్ని నమోదు చేయడం విమర్శలో ఒక బాధ్యత అవుతుంది.

ఈ దృష్టితో పరిశీలించదగిన రచన ‘ది వరల్డ్ ఎండ్స్ విత్ యూ’. స్క్వేర్ ఎనిక్స్, జూపిటర్ సంస్థలు కలిసి దీనిని నిర్మించాయి. తత్సుయా కాందో దర్శకుడు. పాత్రల రూపకల్పనలో తెత్సుయా నోమురా, గెన్ కొబయాషి పాలుపంచుకున్నారు. తకెహారు ఇషిమోతో సంగీతం సమకూర్చారు. జపనీస్ భాషలో దీని పేరుకు ‘అద్భుతమైన ఈ లోకం’ అని అర్థం. ఆంగ్ల నామం ‘లోకం నీతో ముగుస్తుంది’ అన్న భావాన్నిస్తుంది. మొదటి పేరు లోకాన్ని ప్రశంసిస్తుంది. రెండవ పేరు లోకపు హద్దు ఎక్కడుందో చెబుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే కథానాయకుడు నడవవలసిన దారి.

2. కథాప్రారంభం: చెవులు మూసుకున్నవాడు

టోక్యో నగరంలోని షిబుయా ప్రాంతం యువతరం వేషధారణకు, దుకాణాలకు ప్రసిద్ధి. అక్కడి ప్రధాన కూడలిలో పదిహేనేళ్ళ నెకు సకురాబా కళ్ళు తెరుస్తాడు. పేరు తప్ప అతనికి గతం గుర్తులేదు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. చుట్టూ జనం నడుస్తున్నారు, కానీ అతడు ఎవరికీ కనిపించడు. ఫోనుకు ఒక సందేశం వస్తుంది. అరవై నిమిషాలలో ‘104’ అనే భవనాన్ని చేరాలి, లేకపోతే తుడిచిపెట్టబడతాడు. షిబుయాలోని ‘109’ అనే నిజమైన వస్త్రదుకాణాల భవనానికి ఇది కల్పిత ప్రతిరూపం.

నెకు స్వభావాన్ని ఈ ఆరంభమే స్పష్టం చేస్తుంది. అతనికి మనుషులంటే విసుగు. ఎదుటివారి మాట తన చెవిన పడకుండా హెడ్‌ఫోన్లు అడ్డుపెట్టుకుంటాడు. అటువంటివాడి చేతికి ఆట ఇచ్చే మొదటి శక్తి దారిన పోయేవారి మనసులోని మాట వినగలగడం. తెరపై ఒక పిన్నును తాకగానే పాదచారుల ఆలోచనలు అక్షరాలుగా తేలివస్తాయి. ఒకరికి ఉద్యోగచింత, మరొకరికి ప్రేమభయం, ఇంకొకరికి కొత్త బూట్ల కోరిక. వినడానికి ఇష్టపడనివాడికి వినే శక్తి ఇవ్వడంలోని వ్యంగ్యం మొత్తం కథకు బీజప్రాయమైనది.

హచికో విగ్రహం వద్ద ‘నాయిస్’ అనే ప్రాణులు అతనిపై దాడిచేస్తాయి. మనుషుల ప్రతికూల భావాలతో ముడిపడిన రూపాలవి. ఒంటరిగా ఎవరూ వాటిని ఎదిరించలేరు. షికి మిసాకి అనే అమ్మాయితో ఒప్పందం కుదుర్చుకున్న తరువాతే నెకు పోరాడగలుగుతాడు. మరణించిన యజమాని కోసం 1935లో తాను చనిపోయేవరకూ రైల్వేస్టేషన్ వద్ద ఎదురుచూసిన కుక్క హచికో. దాని విగ్రహం షిబుయాలో ప్రజలు ఒకరికోసం ఒకరు వేచివుండే చోటు. ఎవరికోసమూ ఆగనని భావించేవాడికి తొలి సహచరి ఆ స్థలంలోనే దొరకడం సార్థకమైన స్థలనిర్దేశం. ఈ క్రీడలో పాల్గొనేవారందరూ అప్పటికే మరణించినవారన్న సంగతి తొలివారంలోనే వెల్లడైనప్పుడు ఆ విగ్రహం మరింత బరువెక్కుతుంది.

3. రెండు తెరలు: అవధానపరీక్ష

నింటెండో డీఎస్‌కు ఒకదానిపై ఒకటిగా రెండు తెరలుంటాయి. కిందితెర స్పర్శకు స్పందిస్తుంది. పోరాటంలో నెకు కిందితెరపై, షికి పైతెరపై ఉంటారు. కుడిచేతితో స్టైలస్ పట్టుకుని గీతలు గీస్తూ, తాకుతూ నెకును నడిపించాలి. అదే సమయంలో ఎడమచేతి బొటనవేలితో దిశల మీట నొక్కుతూ షికిని నడిపించాలి. కళ్ళు మాత్రం ఒక జతే.

తొలి పోరాటాలలో ఆడేవారు పైతెరను దాదాపు మరచిపోతారు. నెకును కాపాడుకోవడమే కష్టమైనప్పుడు షికి ఏంచేస్తున్నదో చూసే తీరిక ఉండదు. కానీ ఇద్దరికీ ప్రాణబలం ఒక్కటే. పైతెరలో షికికి తగిలిన దెబ్బకు కిందితెరలోని నెకు కూడా ఓడిపోవచ్చు. సహచరిని పట్టించుకోకపోవడం నెకు దోషం. తొలిగంటలో అదే దోషం ఆడేవారిది కూడా అవుతుంది. పాత్ర లోపాన్ని ఏ సంభాషణా అవసరం లేకుండా ఆడేవారి చేతివేళ్ళకు అంటించడం ఈ రచనలోని అతిముఖ్యమైన శిల్పవిశేషం.

క్రమంగా ఒక కాంతిబిందువు ఈ అలవాటును సరిదిద్దుతుంది. ఒకరు వరుస దాడిని పూర్తిచేస్తే ఆ వెలుగు రెండవవారి వద్దకు వెళుతుంది. అది ఎవరివద్ద ఉంటే వారి దాడికి బలం పెరుగుతుంది. దానిని ఆగకుండా ఇటూ అటూ పంపగలిగితే బలం ఇంకా హెచ్చుతుంది. చూపు ఎప్పుడు పైకెత్తాలో, ఎప్పుడు దించాలో ఆ వెలుగు నేర్పుతుంది. చివరకు ఆడేవారు రెండు తెరలనూ ఒకేసారి చూడటం మానేసి, ఒక లయలో మార్చిమార్చి చూడటం నేర్చుకుంటారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ అవధానప్రక్రియ స్ఫురిస్తుంది. అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకు ఒకేసారి సమాధానం చెప్పడు. ఒక్కొక్కరి వద్దకు వెళుతూ, మిగిలినవారి అంశాలను ధారణలో నిలుపుకుంటాడు. అవధానంలోని ఏకాగ్రత అంటే ఒకదానినే పట్టుకుని ఉండటం కాదనీ, ఏదీ జారిపోకుండా తిరుగుతూ ఉండటమనీ చెప్పవచ్చు. ఈ ఆటలోని పోరాటం కోరేది కూడా అటువంటి ఏకాగ్రతనే. అయితే పోలికకు పరిమితి ఉంది. అవధాని సాధన ముగించుకుని సభలో కూర్చుంటాడు. ఆడేవారు ఏ సాధనా లేకుండా నేరుగా పరీక్షలోకి దిగుతారు. అవధానంలో నైపుణ్యం ప్రదర్శితమవుతుంది. ఇక్కడ నైపుణ్యం లేకపోవడమే మొదట అనుభూతమవుతుంది.

4. ఆహార్యం: ధరించే ధైర్యం

ఈ ఆటను ‘స్టైలిష్’ అనడానికి సామాన్యంగా చెప్పే కారణాలు దాని బాహ్యరూపానికి సంబంధించినవి. మందమైన నల్లని రేఖలు, వంగిన భవనాలు, కామిక్ పుస్తకంలోలాగా బుడగల్లో వచ్చే సంభాషణలు, హిప్‌హాప్, రాక్ శైలుల్లో గాత్రంతో కూడిన పాటలు ఇందులో ఉన్నాయి. కానీ ఇందులోని శైలి అలంకారమాత్రం కాదు. అది నియమవ్యవస్థలో భాగం.

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు విధాల అభినయంలో ఆహార్యం ఒకటి. వేషభూషలు కూడా అర్థాన్ని వహిస్తాయన్నది అందులోని దృష్టి. ఈ ఆటలో దుస్తులే పాత్రల బలాన్ని నిర్ణయిస్తాయి. మొత్తం 13 కల్పిత బ్రాండ్లు ఉన్నాయి. షిబుయాలోని ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క బ్రాండ్ ఆదరణ పొందుతుంది. ఆదరణ ఉన్న బ్రాండ్ పిన్నులకు ఆ వీధిలో శక్తి పెరుగుతుంది. అట్టడుగున ఉన్న బ్రాండ్ వాటికి తగ్గుతుంది. అయితే ఆదరణ లేని బ్రాండ్‌తోనే పట్టుబట్టి పోరాడుతూపోతే ఆ వీధి అభిరుచే మారుతుంది. లోకాన్ని అనుసరించవచ్చు, లేదా శ్రమపడి లోకాన్నే మార్చవచ్చు అన్న రెండు దారులను ఆట తెరచి ఉంచుతుంది.

దుస్తులు ధరించడానికి ‘ధైర్యం’ అనే గుణం కొంత స్థాయికి చేరాలి. అది చాలినంత ఉంటే స్త్రీల దుస్తులను నెకు ధరించడానికీ అడ్డులేదు. స్త్రీ, పురుష భేదం నియమంగా లేదు. సంకోచం ఒక్కటే అడ్డు. ఈ నియమం హాస్యంగా కనిపించినా, తొలివారం ముగిసేలోపు షికి కథ దానికి లోతునిస్తుంది. ఆమె ధరించినది దుస్తులను మాత్రమే కాదు, తన స్నేహితురాలి రూపాన్ని కూడా. క్రీడలో చేరడానికి ప్రతివారూ తమకు అత్యంత విలువైనదానిని రుసుముగా చెల్లించాలి. షికి నుంచి తీసుకున్నది ఆమె సొంతరూపం. అందంగా, చలాకీగా కనిపించిన అమ్మాయి వెనుక తనను తాను అసూయతో చూసుకునే మరొక అమ్మాయి ఉన్నదని తెలిసినప్పుడు, అంతవరకూ ఆమెకు బలం కోసం దుస్తులు మార్చుతూ వచ్చిన ఆడేవారు ఆ పనిని మరొకవిధంగా తలచుకోవలసి వస్తుంది.

5. అభ్యంతరాలు

పై వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. మొదటిది: ఆడేవారు మీట నొక్కకపోతే పైతెర పాత్ర తనంతట తానే పోరాడుతుంది. సహచరిని యంత్రానికి వదిలేసే వీలు ఉన్నప్పుడు అవధానం అనివార్యమని ఎలా చెప్పగలం? ఈ అభ్యంతరం న్యాయమైనదే. కానీ అలా వదిలేసినవారికి షికి వంతు దాడులను తమ లయకు తగినట్లు కలుపుకునే అవకాశం చాలావరకు పోతుంది. ఆట వారిని శిక్షించదు. వారికి దక్కేది తగ్గుతుంది, అంతే. సహజీవనం తప్పనిసరి అయితే అందులో నీతి ఉండదు కనుక, ఈ వదులు ఇతివృత్తానికి అనుకూలించేదే.

రెండవది: అన్ని ఇబ్బందులకూ అర్థం ఆపాదించడం విమర్శకు ప్రమాదం. ఒక గీతను యంత్రం ఒక పిన్నుకు బదులు మరొక పిన్ను ఆజ్ఞగా గ్రహించడం తరచు జరుగుతుంది. ఇది కేవలం సాంకేతిక లోపం. దానిలో కథార్థాన్ని వెతకడం అతివ్యాప్తి. అలాగే కథలో అరవై నిమిషాల గడువు పెట్టినా, ఆడేవారికి ఆ గడియారం నిజంగా నడవదు. దుకాణాలలో తీరికగా తిరగవచ్చు. కథ చెప్పే ఆత్రుతకూ ఆట ఇచ్చే తీరికకూ ఇక్కడ పొంతన కుదరలేదు. తొలి అనుభవంలోని అర్థవంతమైన కష్టాన్నీ అర్థరహితమైన కష్టాన్నీ వేరుచేయడమే విమర్శకుని పని.

6. పాఠాంతరాల సమస్య

2012లో ఈ ఆట స్పర్శతెర ఫోన్లకు ‘సోలో రీమిక్స్’గా, 2018లో నింటెండో స్విచ్‌కు ‘ఫైనల్ రీమిక్స్’గా వచ్చింది. రెండింటిలోనూ పోరాటం ఒకే తెరపై జరుగుతుంది. సహచరపాత్ర నెకు పక్కనే ఉంటుంది. చిత్రాలు స్పష్టమయ్యాయి, తికమక తగ్గింది. స్విచ్ రూపంలో మరొక మనిషి సహచరపాత్రను నడిపించే వీలు కూడా కలిగింది. అది సొంత విలువ కలిగిన మార్పు. కానీ పక్కనే కనిపించే వ్యక్తిని మరచిపోవడం కష్టం. చూపు ఎత్తితేనే కనిపించే వ్యక్తిని మరచిపోవడం సులభం. మొదటి రూపంలో ఆడేవారు చేసే తప్పును, దానిని దిద్దుకునే క్రమాన్ని, ఈ రూపాలు అదే విధంగా అందించలేవు.

కథ, సంభాషణలు, సంగీతం చాలావరకు అవే కనుక ఇవన్నీ ఒకే రచన అనుకోవడం సహజం. తాళపత్రప్రతుల మధ్య అక్షరభేదాలను గుర్తించి పాఠనిర్ణయం చేసే పరిష్కర్త అలా అనుకోడు. ఒక పదం మారితే అర్థం మారవచ్చని అతనికి తెలుసు. ఇక్కడ మారినది పదం కాదు, తెర. అర్థాన్ని మోసేది తెర అయినప్పుడు తెర మారడం కూడా పాఠభేదమే.

దీనికి ఆచరణలో ఒక చిక్కు ఉంది. డీఎస్ కార్ట్రిడ్జ్‌లను నడపగల చివరి యంత్రశ్రేణి త్రీడీఎస్. దాని ఉత్పత్తి 2020లో నిలిచిపోయింది. మూలరూపంలో కొన్ని పిన్నులు పెరగడానికి, దగ్గరలో డీఎస్ ఉన్న ఇతరుల తీగరహిత సంకేతాలు తోడ్పడేవి. యంత్రాన్ని జేబులో పెట్టుకుని జనంలో తిరగడం కూడా ఆటలో భాగమే. అటువంటి జనం నేడు అరుదు. యంత్రాన్ని భద్రపరచినా దాని చుట్టూ ఉన్న సమాజాన్ని భద్రపరచలేం. ఆ భాగం వర్ణనలోనే మిగలాలి.

7. ఉపసంహారం

‘ది వరల్డ్ ఎండ్స్ విత్ యూ’ తొలిగంటల తికమక పూర్తిగా దోషమూ కాదు, పూర్తిగా గుణమూ కాదు. గీతలను తప్పుగా గ్రహించడం దోషమే. పైతెరను మరచిపోయేలా చేయడం మాత్రం ఇతివృత్తాన్ని చేతులతో చెప్పడం. చెవులు మూసుకున్న ఒక బాలుడు మరొకరి ఉనికిని గుర్తించే కథ ఇది. ఆడేవారు తమ చూపును ఒక తెర ఎత్తు పైకి జరిపినప్పుడు ఆ కథ మొదలవుతుంది. వీడియో గేములను సాహిత్యవిమర్శ పరిధిలోకి తెచ్చే పరిశోధకులు ఇతివృత్త సంగ్రహంతో ఆగకుండా, ఏ యంత్రంపై, ఏ రూపాన్ని ఆడారో, తొలిసారి ఎక్కడ తడబడ్డారో నమోదు చేయవలసి ఉంది. ఆ తడబాటు రెండవసారి ఆడేవారికి దొరకదు. రేపు ఆ యంత్రమే దొరకనప్పుడు, ఆ నమోదు మాత్రమే రచనలోని ఒక భాగానికి సాక్ష్యంగా నిలుస్తుంది.