చుక్క కింద పడకుండా

మా బాబాయి తన ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఆయిలు తనే మారుస్తాడు. అదీ వసారాలో, తెల్ల టైల్స్ మీద! ఆ పనితనం ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

ముందు ఇంజన్ని కాసేపు తిరగనిచ్చి ఆపుతాడు. వెచ్చబడితే ఆయిలు పలచనై, మడ్డితో సహా దిగిపోతుంది. కింద అట్టపెట్టె చీల్చి పరిచి, దానిమీద పక్కకి కోసిన పాత డబ్బా పెడతాడు. డ్రెయిన్ బోల్టుని పానాతో వదులు చేశాక వేళ్లతోనే తిప్పుతాడు, పైకి నొక్కిపట్టి మరీ. ఆఖరి మర వదిలినట్టు వేలికి తెలియగానే బోల్టుతో సహా చెయ్యి చటుక్కున తీసేస్తాడు. ధార సన్నబడేకొద్దీ గాలికి పక్కకి వాలుతుంది. డబ్బాని దానితోపాటే జరుపుతాడు. చాలామంది నేల పాడుచేసుకునేది ఇక్కడే.

అసలు నేర్పు ఫిల్టర్ దగ్గర. దాని మూత తియ్యగానే లోపల నిలిచిన ఆయిలు ఇంజన్ మీదుగా కారుతుంది. ఆయన ముందే ప్లాస్టిక్ షీటు ముక్కని దోనెలా మడిచి మూత కింద ఆనిస్తాడు. కారిందంతా డబ్బాలోకే. కొత్త ఓ-రింగుకి కొత్త ఆయిలు రాసి కూర్చోబెడతాడు. బోల్టు బిగింపులో బలం చూపించడు, అల్యూమినియం మరలు ఊడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

తర్వాత 15డబ్ల్యూ-50 ఆయిలు పోయడం, బండి నిటారుగా నిలబెట్టి ఇంజన్‌కున్న గాజు బిళ్లలో మట్టం చూడడం, అంతే. పాత ఆయిలు మాత్రం కాలవలో పొయ్యడు. ఖాళీ అయిన కొత్త ఆయిలు డబ్బాల్లోనే నింపి, మూతలు బిగించి మెకానిక్ షెడ్డులో ఇచ్చొస్తాడు.