స్వయం నిర్మిత డిగ్రీ: స్వేచ్ఛ, క్రమం

విద్యార్థి తన బి.ఏ. పాఠ్యక్రమాన్ని తానే రూపొందించుకొనవచ్చునన్న భావన అమెరికాలో 1969 నుండి బలపడింది. ఆ సంవత్సరం బ్రౌన్ విశ్వవిద్యాలయం, విద్యార్థులే తయారుచేసిన నివేదిక ప్రేరణతో, అందరికీ సామాన్యమైన నిర్బంధ పాఠ్యాంశాలను తొలగించింది. 1971లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం, ఆచార్యుల మార్గదర్శకత్వంలో విద్యార్థి తన ప్రత్యేకాంశాన్ని తానే నిర్మించుకొనే డిగ్రీని ప్రారంభించింది.

ఇందలి మేలు కాదనరానిది. దక్కనులోని వక్ఫు ఆస్తుల చరిత్రను అధ్యయనం చేయదలచిన విద్యార్థికి ఫిఖ్హ్, చరిత్ర, ఆర్థికశాస్త్రం, పారసీక భాష నాలుగూ అవసరం. వాటిని ఏ ఒక్క శాఖా సమకూర్చలేదు.

అయితే విషయాలను ఏరుకొన్నంత మాత్రాన సమన్వయం సిద్ధించదు. 1377లో ‘ముఖద్దిమా’ రచించిన ఇబ్న్ ఖల్దూన్, రెండు శాస్త్రాలను ఒకేసారి బోధిస్తే విద్యార్థి మనస్సు చీలిపోయి రెండూ కష్టమవుతాయని హెచ్చరించాడు. బహుశాస్త్ర పరిజ్ఞానానికి ఆయన విరోధి కాడు; ఆ గ్రంథమే అందుకు సాక్ష్యం. ఆయన కోరినది క్రమం. పై ఉదాహరణలో పారసీకం రాకముందే దస్తావేజుల పరిశీలనకు పూనుకొనే విద్యార్థికి మిగిలేది ఇతరుల అనువాదాలే.

మధ్యయుగ ముస్లిం విద్యార్థి ఊరూరా తిరిగి గురువులను తానే ఎన్నుకొనేవాడు. ఇజాజా మాత్రం గురువు స్వయంగా ఇచ్చేవాడు. శిష్యుని అర్హతకు ఆయన పేరే పూచీ. నేటి స్వయం నిర్మిత డిగ్రీలోనూ ఆచార్యుని సంతకం ఉంటుంది. అది ప్రవేశపు దరఖాస్తుతోనే ముగియక, ఏది ముందు, ఏది తరువాత అన్న నిర్ణయానికీ, చివరి పరీక్షకూ బాధ్యత వహించినప్పుడే ఆ స్వేచ్ఛ విద్యగా పరిణమిస్తుంది.